కొమ్ము కాలితే జుట్టు వాసన

2021 సెప్టెంబర్ 22న అస్సాంలోని బోకాఖాత్‌లో 2,479 ఖడ్గమృగం కొమ్ములను అందరి ఎదుటా తగలబెట్టారు. ఏళ్ల తరబడి ప్రభుత్వ ఖజానాల్లో మూలుగుతున్న సరుకది. ఆ సంగతి ఆలస్యంగా చదివిన ఒక పాఠకుడు నాకు ఉత్తరం రాశారు. "చైనావాళ్లు రెండు వేల ఏళ్లుగా దాన్ని జ్వరానికి మందుగా వాడుతున్నారు కదా. అందులో ఏమీ లేనిదే వాడతారా? అంత మందును బుగ్గి చేయడం పాపం కాదా?"

పాపపుణ్యాల సంగతి నాకు తెలియదు. కొమ్ము కాలితే వచ్చే వాసన సంగతి మాత్రం చెప్పగలను. దీపావళి నాడు కాకరపువ్వొత్తి మీదికి వంగినప్పుడు ముంగురులు చుర్రుమంటాయే, సరిగ్గా అదే వాసన. నా జవాబు మొత్తం ఆ వాసనలోనే ఉంది.

ముందు మాట దగ్గర చిన్న చిక్కు విప్పాలి. తెలుగులో పొడుచుకొచ్చిందల్లా కొమ్మే. పసుపుకొమ్ము, శొంఠికొమ్ము, వసకొమ్ము, చివరికి ఎద్దుకొమ్ము. చైనీయుల 'జియావో' కూడా ఇంతే ఉదారమైన మాట. కానీ పదార్థాలుగా చూస్తే ఇవి వేరు వేరు. దుప్పి కొమ్ము నిఖార్సైన ఎముక, రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. మా అమ్మమ్మ ఇంట్లో గంధపు సాన పక్కన దుప్పికొమ్ము ముక్క ఒకటి ఉండేది. ఛాతీలో నొప్పి అంటే చాలు, నాలుగు నీటిచుక్కలు వేసి అరగదీసి ఆ తెల్లటి ముద్దను పట్టు వేసేది. అది ఎముకలోని కాల్షియం ఫాస్ఫేటు అని నాకు కాలేజీకి వెళ్లాక గాని తట్టలేదు. గేదె కొమ్ము సంగతి వేరు. లోపల ఎముక ఉంటుంది, దానిపై ఒరలా గట్టి తొడుగు ఉంటుంది. ఖడ్గమృగానికి ఆ ఎముక కూడా లేదు. మొదలు నుంచి కొసదాకా తొడుగే.

ఆ తొడుగు కెరాటిన్ అనే మాంసకృత్తు, అంటే ప్రోటీన్. మన గోళ్లు, వెంట్రుకలు, కోడి ముక్కు, గుర్రపు డెక్క కూడా ఆ కుటుంబానివే. "వెంట్రుకలు, గోళ్లు, కొమ్ములు దేనితో తయారవుతాయి?" అని ఒక మార్కు ప్రశ్న నేను ముప్పై ఏళ్లు ఇచ్చాను. అందరూ సరిగ్గానే రాసేవారు. ఒకే పదార్థమైతే జుట్టు అంత మెత్తగా, కొమ్ము ఇంత గట్టిగా ఎందుకుందని మాత్రం ఒక్కరూ అడగలేదు, నేనూ అడిగించలేదు. అసలు కథ అక్కడే ఉంది.

కెరాటిన్ అణువు పొడవాటి గొలుసు. అది స్ప్రింగులా చుట్టుకుంటుంది. అలాంటి రెండు గొలుసులు ఒకదానితో ఒకటి తాడు పేనినట్టు పెనవేసుకుంటాయి. పేనిన తాడు విడిపోవచ్చు కదా, విడిపోకుండా మధ్యమధ్య కొక్కేలుంటాయి. అమైనో ఆమ్లాలు ఆ గొలుసుకు పూసల్లాంటివి. వాటిలో సిస్టీన్ అనేది ఒకటి, దాని చివర ఒక గంధకం పరమాణువు. పక్క గొలుసులోని సిస్టీన్ ఎదురుపడితే రెండు గంధకాలూ చెరొక హైడ్రోజన్‌ను వదులుకుని చేతులు కలుపుతాయి. దాన్ని డైసల్ఫైడ్ బంధం అంటారు. చర్మం పైపొరలో ఇవి తక్కువ కాబట్టి అది మెత్తన. జుట్టు, గోరు, కొమ్ములో ఎక్కువ. కాలినప్పుడు ముక్కు పట్టుకునేలా చేసేదీ ప్రధానంగా ఆ గంధకమే.

ఈ కొక్కేలను ఊడదీయడం చూడాలంటే బ్యూటీ పార్లర్‌కు వెళ్లండి. రింగుల జుట్టును సాఫీగా చేసే పనికి వాళ్లు పెట్టుకున్న పేరే రీబాండింగ్. బంధాలు తెంచి మళ్లీ వేయడమని ఆ పేరే చెబుతోంది! మొదట పూసే ఘాటు వాసన లేపనంలో చాలాచోట్ల థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఉంటుంది. అది గంధకాల చేతులు విడదీస్తుంది. అప్పుడు జుట్టును తిన్నగా లాగుతారు. ఆపైన హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిది పూస్తే కొత్త స్థానాల్లో కొక్కేలు మళ్లీ పడతాయి. ఇంత తతంగం ఎందుకు? ఉత్త నీళ్లకూ సబ్బుకూ ఆ బంధాలు లొంగవు కనుక.

మన కడుపుకీ లొంగవు. జీర్ణరసాల్లోని పెప్సిన్, ట్రిప్సిన్ మాంసకృత్తులను కత్తిరించే కత్తెరలు. కానీ కత్తెర ఆడాలంటే గొలుసు కాస్త వదులై దారి ఇవ్వాలి. కెరాటిన్ దారి ఇవ్వదు. అందుకే పిల్లి తన బొచ్చును ఉండలుగా కక్కుతుంది, గుడ్లగూబ ఎలుకను మింగి దాని వెంట్రుకలను ఎముకలతో కలిపి ముద్దగా ఉమ్మేస్తుంది. స్నానాలగది తూములో ఇరుక్కున్న జుట్టును ఆరు నెలల తర్వాత లాగినా అది జుట్టుగానే వస్తుంది. జుట్టు నుంచి, ఈకల నుంచి సిస్టీన్ తీసే కర్మాగారాలున్నాయి. అక్కడ గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గంటల తరబడి మరిగిస్తారు. మన కడుపులో ఉన్నదీ ఆ ఆమ్లమే కానీ బాగా పలచన, పైగా 37 డిగ్రీల గోరువెచ్చదనం.

మరి చైనా వైద్యులు దాన్ని నమిలి మింగమనలేదు కదా, కషాయం కాచారు కదా అంటారేమో. నిజమే. వాళ్ల వైద్యంలో ఖడ్గమృగం కొమ్ము, 'షీజియావో', చలవ చేసే వస్తువు. మనం మజ్జిగ చలవ, మామిడిపండు వేడి అనుకున్నట్టే వాళ్లకూ లెక్కలున్నాయి. రక్తంలో వేడి చేరి జ్వరం, సంధి (మతి తప్పిన పలవరింత), ఫిట్స్ వచ్చినప్పుడు ఇది వాడేవారు. లేత దుప్పికొమ్ము అందుకు విరుద్ధంగా వేడి చేసేది, బలానికి వాడేది. ఖడ్గమృగం కొమ్మును చైనీయులు కామోద్దీపనకు వాడతారని మన పత్రికలు ఇప్పటికీ రాస్తుంటాయి. వాళ్ల ప్రాచీన వైద్యగ్రంథాల్లో దాని ప్రధాన ఉపయోగం అది కాదు. ఒకరి మూఢనమ్మకాన్ని ఖండించడానికి మనం ఇంకో పుకారు పుట్టించనక్కర్లేదు.

ఆ కషాయం కుండలోకి తొంగి చూద్దాం. ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో పేరుమీద చెలామణీ అయ్యే ప్రసిద్ధ మందుయోగంలో కొమ్ముతోపాటు మరో మూడు మూలికలుంటాయి: రెహ్మానియా దుంప, పియోనీ వేరు, మౌటన్ పియోనీ వేరుబెరడు. పియోనిఫ్లోరిన్, పియోనాల్ లాంటి చురుకైన రసాయనాలు ఆ పియోనీల్లో ఉన్నాయి, నీటిలోకి దిగుతాయి. కొమ్ము నుంచి దిగేదేమిటి? కొద్దిగా అమైనో ఆమ్లాలు, చిన్నాచితకా పెప్టైడ్లు (గొలుసు తునకలు), లవణాలు. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్లను అడగండి, వేడికి కొమ్ము మెత్తబడి వంగుతుందంటారు. కరుగుతుందని ఎవరూ అనరు. కుండలో నాలుగు వస్తువులు వేసి, జ్వరం దిగాక కీర్తి మాత్రం అన్నిటికంటే ఖరీదైనదానికి ఇచ్చారు. పైగా చాలా జ్వరాలు ఏ మందూ లేకున్నా దిగేవే.

పరీక్షలు జరగలేదా అంటే జరిగాయి. 1990లో హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలకు టర్పెంటైన్‌తో జ్వరం తెప్పించి కొమ్ము సారం ఇస్తే జ్వరం తగ్గింది. అయితే ఆ మోతాదు వైద్యులు రోగులకు ఇచ్చేదానికంటే ఎంతో ఎక్కువ. అంత ఎక్కువిస్తే గేదె కొమ్ము, ఆవు కొమ్ము కూడా పనిచేశాయి! 1997లో దక్షిణాఫ్రికావాళ్లు కుందేళ్ల మీద చేస్తే అసలు తగ్గనేలేదు. ఏమీ లేనిదే వాడతారా అన్న ప్రశ్నకు ఇంతకంటే నిక్కచ్చి జవాబు నా దగ్గర లేదు. ఒకవేళ ఏదైనా ఉన్నా, అది ఖడ్గమృగంలోనే ఉన్న మహిమ మాత్రం కాదు.

ఈ మాట చైనా ప్రభుత్వానికీ తెలిసినట్టే ఉంది. 1993లో ఖడ్గమృగం కొమ్ము వ్యాపారాన్ని నిషేధించి, మందుల అధికారిక జాబితా నుంచి తీసేసింది. బదులుగా గేదె కొమ్ము వచ్చింది. మోతాదు 15 నుంచి 30 గ్రాములు, మిగతా మూలికల కంటే ముందే వేసి మూడు గంటలకు పైగా కాచాలని నియమం. మూడు గంటలు! కొక్కేల గట్టిదనానికి వాళ్ల నియమమే సాక్ష్యం.

మరో ప్రత్యామ్నాయం కథ విషాదం. మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో తిరిగే సైగా అనే లేడి కొమ్మును కూడా చైనా వైద్యం చలువకు వాడుతుంది. ఖడ్గమృగాన్ని కాపాడటానికి దీన్ని వాడండని ఒక దశలో వన్యప్రాణి సంరక్షకులే సలహా ఇచ్చారు. సోవియట్ యూనియన్ కూలాక వేటకు అడ్డులేకపోయింది. కొమ్ములుండేది మగవాటికే కాబట్టి మగవాటినే ఏరి చంపారు. మందలో మగవి మరీ తగ్గిపోయేసరికి ఆడవి చూడి కట్టడమే మానేశాయని 2003లో 'నేచర్' పత్రికలో వచ్చింది. కోలుకుంటున్న దశలో 2015 మే నెలలో కజకిస్తాన్‌లో మూడు వారాల్లో రెండు లక్షలకు పైగా సైగాలు చచ్చిపోయాయి. కారణం పాశ్చరెల్లా మల్టోసిడా. మన గేదెలకు గురకవ్యాధి, గొంతువాపు అని తొలకరికి ముందు టీకాలు వేస్తారే, ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవే. ఇప్పుడవి మళ్లీ లక్షల్లోకి వచ్చాయి. వేటగాడి గురి మగవాటి మీదేనన్న చిక్కు మాత్రం అలాగే ఉంది.

2019లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్, చైనాలోని ఫుదాన్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఇంకో దారి తొక్కారు. గుర్రపు తోక వెంట్రుకలను కట్టగా బిగించి, పట్టుపురుగు దారం నుంచి తీసిన మాంసకృత్తిని జిగురుగా పోసి నకిలీ కొమ్ము తయారు చేశారు. గుర్రం ఖడ్గమృగానికి దగ్గర చుట్టమే, రెండూ బేసి డెక్కల జంతువులే. కోసి చూస్తే అసలుదానికి చాలా దగ్గరగా ఉందట. ఇలాంటివి బజారు నిండా పోసి ధర పడగొట్టాలని వారి ఆలోచన. దొంగ సరుకుతో పాటు గిరాకీ కూడా పెరుగుతుందేమోనని నాకు అనుమానం.

కొమ్మును నిజంగా అరిగించుకునే ప్రాణి ఒకటుంది. ఆఫ్రికాలో చచ్చిపడిన దున్నల, లేళ్ల కొమ్ముల మీద ఒక చిమ్మట గుడ్లు పెడుతుంది. మన పట్టుచీరల బీరువాలో దూరే పురుగుకు అది బంధువు. బట్టలు కొరికే ఆ పురుగుల కడుపు మన కడుపులా ఆమ్లం కాదు, క్షారం. పార్లర్ లేపనం చేసే పనే ఆ కడుపు చేస్తుంది, కొక్కేలను విడదీసి ఆ తర్వాత కత్తెర పెడుతుంది. కొమ్ము మీది పిల్లపురుగులు తిన్నంత తిని, బయటికి వేళ్లలా పొడుచుకొచ్చే గొట్టాలు కట్టుకుంటాయి. దూరం నుంచి చూస్తే ఎండిన కొమ్ముకు మళ్లీ చిన్నచిన్న కొమ్ములు మొలిచినట్టు ఉంటుంది.