కృప: అపోహలు, వాస్తవాలు

"అయ్యగారూ, నా విశ్వాసం చాలదేమో." పాస్టరుగా నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఈ మధ్య ఒక సహోదరి ఏడుస్తూ అదే అంది. భర్త పోయి నెల కూడా కాలేదు. "నువ్వు గట్టిగా నమ్మి ఉంటే ఆయన బతికేవాడు" అని పరామర్శకు వచ్చినవాళ్లెవరో చెప్పి వెళ్లారట. ఆ మాట బైబిల్లో ఎక్కడుందో అన్నవాళ్లే చూపించాలి.

అపోహ: కృప, అంటే మనకు యోగ్యత లేకపోయినా దేవుడు చూపే దయ, ఉచితమే గానీ, దాన్ని పొందేంత విశ్వాసం మనం కూడబెట్టుకోవాలి.

వాస్తవం: కూడబెట్టి కొనుక్కునేదైతే అది కృప ఎలా అవుతుంది? పనిచేసేవాడికి ఇచ్చేది జీతం, దానం కాదని రోమా 4:4 తేల్చి చెప్పింది. మనం క్రియలను, అంటే మంచి పనులతో రక్షణ సంపాదించుకోవడాన్ని, ముందు గుమ్మంలోంచి పంపేసి, విశ్వాసం అనే పేరు పెట్టి పెరటి గుమ్మంలోంచి మళ్లీ లోపలికి తెచ్చుకుంటున్నాం. ఎంత గట్టిగా నమ్మానా అని రాత్రంతా తన గుండెనే తడుముకునే మనిషి క్రీస్తు వైపు చూసేదెప్పుడు?

మార్కు 9లో జబ్బుపడ్డ కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రిని చూడండి. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. సగం నమ్మకం, సగం భయం. యేసు అతన్ని వెనక్కి పంపలేదు, బిడ్డను బాగుచేశాడు.

సండే స్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఒక పెద్దావిడకు చివరి రోజుల్లో మతిమరుపు జబ్బు వచ్చింది. పరలోక ప్రార్థన నోటికి రాలేదు. యేసు ఎవరని అడిగితే నా ముఖంలోకి చూసి ఊరుకుంది. "అమ్మ రక్షణ ఏమవుతుందండీ?" అని కూతురు అడిగింది. గలతీ 4:9 తీశాను. మీరు దేవుణ్ని ఎరిగినవారు అని మొదలుపెట్టిన పౌలు, అంతకంటే విశేషంగా దేవుని చేత ఎరుగబడినవారు అని సరిదిద్దుకుంటాడు. అమ్మ ఆయన్ని మరచిపోయింది, ఆయన అమ్మను మరచిపోలేదు అని చెప్పాను. ఆ రోజు ఆ మాట నాకూ కావలసి వచ్చింది.

అపోహ: కృప అంటే ఎలా బతికినా ఫరవాలేదు.

వాస్తవం: రోమా 6:1, 2 చదవండి: కృప విస్తరించాలని పాపంలోనే ఉండిపోదామా అంటే, అట్లనరాదు అంటుంది. రక్షణ క్రియలవల్ల కాదు, కృపవల్లనే అనే ఎఫెసీ 2:8, 9 దగ్గర ఆగిపోకుండా, మనల్ని సత్క్రియల కోసమే సృష్టించాడనే 10 కూడా చదవండి. సత్క్రియలు రక్షణకు ఫలం, వెల కాదు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రిక చెప్పేదీ అదే.

అపోహ: కాథలిక్కులు క్రియలనే నమ్ముకుంటారు.

వాస్తవం: 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్ సంఘం, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన లూథరన్ల ప్రపంచ సమాఖ్య కలిసి సంతకం చేసిన ప్రకటనలో, దేవుడు మనల్ని అంగీకరించేది కృపవల్లనే, మన యోగ్యతను బట్టి కాదని ఉంది. భేదాలు ఇంకా ఉన్నాయి, కానీ ఈ పుకారు ఇక చాలు.

భర్తను పోగొట్టుకున్న ఆ సహోదరికి 2 కొరింథీ 12 చదివి వినిపించాను. తన శరీరంలో ముల్లులా బాధపెడుతున్నదాన్ని తీసేయమని పౌలు దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది.

"పౌలుకీ విశ్వాసం లేదనే అంటారా, అయ్యగారూ?" అని అడిగింది.

"ఎవరూ అనలేరమ్మా" అన్నాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.