జమోరా కోట బయట ఒక హత్య, అక్క మీద పడిన నింద

ఎల్ సిద్ (11వ శతాబ్దపు స్పెయిన్ యోధుడు, కాస్తీల్ రాజు సాంచో మనిషి) ఎవరు, వాలెన్సియా ఊరిని ఎలా పట్టాడు, చచ్చాక శవాన్ని గుర్రం ఎక్కించారన్న కథ, ఇవన్నీ మనీ హైస్ట్‌లో డెన్వర్‌గా చేసిన హైమే లొరెంతే కోసం ఎల్ సిద్ సిరీస్ మొదలెట్టినవాళ్ళకి కూడా ఈపాటికి తెలిసే ఉంటాయి, అటు వెళ్ళట్లేదు. మళ్ళీ మళ్ళీ రేగే గొడవ ఒక్కటే, రాజు సాంచోని చంపించింది సొంత అక్క ఉర్రాకానేనా?

తేదీ అయితే ఖాయం, 1072 అక్టోబర్ 7. జమోరా కోటని సాంచో ముట్టడించి కూర్చున్నాడు, లోపల ఉర్రాకా. బెయీదో దోల్ఫోస్ అనే జమోరా మనిషి సాంచోని మోసంతో పొడిచి కోటలోకి పారిపోయాడని కథ. ఆ గోడలో ఇప్పటికీ ఒక చిన్న ద్వారం ఉంది, శతాబ్దాలుగా దాన్ని ద్రోహద్వారం అనేవాళ్ళు, ఈమధ్యే జమోరా వాళ్ళు పేరు మార్చి విధేయతద్వారం అని పెట్టుకున్నారు. వాళ్ళ లెక్కలో దోల్ఫోస్ ద్రోహి కాదు, ఊరిని కాపాడినవాడు. సాంచో వైపు ఊరైన కాస్తీల్‌లోని బుర్గోస్ వాళ్ళని అడిగితే వేరే చెప్తారనుకోండి.

అసలు ఆ కోట దగ్గరికి సాంచో ఎందుకొచ్చాడు అన్నది చూడాలి. తండ్రి ఫెర్నాండో 1065 డిసెంబర్‌లో పోతూ పోతూ రాజ్యాన్ని ముక్కలు చేశాడు, పెద్దకొడుకు సాంచోకి కాస్తీల్, రెండోవాడు అల్ఫోన్సోకి లియోన్, చిన్నవాడు గార్సియాకి గలీసియా. భూమి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న ముస్లిం రాజ్యాలు ఏటా కట్టే బంగారం కప్పం కూడా పంచాడు, జరగోజాది సాంచోకి, టొలేడోది అల్ఫోన్సోకి, సెవిల్, బదహోస్‌లది గార్సియాకి. కూతుళ్ళు ఉర్రాకా, ఎల్విరాలకి మఠాల మీద, వాటి ఆస్తుల మీద పెత్తనం ఇచ్చాడు, షరతేంటంటే పెళ్ళి చేసుకోకూడదు. జమోరా ఉర్రాకాకి, తోరో ఎల్విరాకి అని తర్వాతి కథలు చెప్తాయి.

పెద్దకొడుక్కి మొత్తం రావాల్సింది అని సాంచో మండిపోయాడు అంటారు, సరే, కానీ ఈ ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకోవడం కొత్తేం కాదు, ఫెర్నాండో సొంత అన్నే 1054లో అటాపుయెర్కా దగ్గర ఇతని సైన్యంతో యుద్ధంలో చచ్చాడు, అంతకుముందు 1037లో బావమరిది బెర్ముదో కూడా ఇలాగే పోతేనే లియోన్ చేతికొచ్చింది. పిల్లలు చూసి నేర్చుకున్నారు అంతే.

తల్లి సాంచా బతికున్నంత కాలం వీళ్ళు ఎదురెదురు పడలేదు. ఆవిడ 1067 నవంబర్‌లో పోయింది, మరుసటి ఏడే ల్యాంతాదా దగ్గర సాంచో, అల్ఫోన్సో కత్తులు దూశారు. 1071లో గార్సియా రాజ్యం పోయింది, సెవిల్‌కి వెళ్ళిపోయాడు. 1072 జనవరిలో గోల్పెహేరా దగ్గర అల్ఫోన్సో దొరికిపోయాడు, అక్క మధ్యలో పడి బతిమాలితే ప్రాణాలతో టొలేడోకి పంపేశారు. అంటే మొత్తం మింగేసినవాడు సాంచో, ఇంకా మిగిలింది అక్క ఉన్న ఊరొక్కటే, దాని కోసం వచ్చాడు. ఈ వరుస ఎవరూ చెప్పరు, నేరుగా హత్య దగ్గరే మొదలెడతారు. "జమోరా గంటలో దొరకలేదు" అని స్పానిష్‌లో ఇప్పటికీ సామెత ఉంది.

లియోన్ వైపు పాత చరిత్ర ఒకటుంది, అందులో ఉర్రాకా అల్ఫోన్సోని చిన్నప్పట్నుంచి తల్లిలా సాకిందని రాశారు. ఆ ప్రేమనే తర్వాత కొందరు వేరేగా తిప్పి అక్రమ సంబంధం అన్నారు, మెనెందెజ్ పిదాల్ లాంటి పెద్ద పండితుడే 20వ శతాబ్దంలో దాన్ని నమ్మాడు. 1961లో చార్ల్‌టన్ హెస్టన్ హీరోగా వచ్చిన సినిమాకి సలహాదారు ఆయనే, ఇక తెరమీద ఉర్రాకా ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక నా దృష్టిలో మొత్తం గొడవకి మూలం హత్య కాదు, ప్రమాణం. సాంచో పోయాక రాజ్యం అల్ఫోన్సోకి దక్కింది, అప్పుడు బుర్గోస్‌లో సాంతా గాదెయా చర్చిలో సిద్ అల్ఫోన్సో చేత "మా రాజు హత్యలో నాకు చెయ్యి లేదు" అని ఒట్టు పెట్టించిన సీను. హెస్టన్ సినిమాలో అదిరిపోతుంది, మాడ్రిడ్ సెనేట్‌లో దాని మీద పెద్ద పెయింటింగే ఉంది. కానీ ఆ కాలం వాళ్ళెవరూ దాని గురించి ఒక్క ముక్క రాయలేదు, ఆ కథ 13వ శతాబ్దంలో, అంటే నూట అరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి కనబడుతుంది. 3,700కి పైగా పాదాలున్న సిద్ కావ్యం ఉంది కదా, మనకి దొరికిన ప్రతిలో ఆ ఒట్టు లేదు, కథ రాజు సిద్‌ని దేశం నుంచి బహిష్కరించడం దగ్గరే మొదలవుతుంది (మొదటి ఆకు చిరిగిపోయిందనుకోండి).

జరిగిందేంటంటే కొత్త రాజు సిద్‌ని బాగానే చూసుకున్నాడు, 1075లో అస్తూరియాస్‌లో ఒక దావాకి జడ్జిల్లో ఒకడిగా కూర్చోబెట్టాడు, తన బంధువని చెప్పే హిమేనానిచ్చి పెళ్ళి చేశాడు. అన్నని చంపించాడని ముఖం మీద అడిగినవాడికి ఎవరైనా ఇలా చేస్తారా? బహిష్కారం 1081లో వచ్చింది, అదీ సిద్ టొలేడో వైపు సొంతంగా దాడికి వెళ్ళినందుకు. కానీ కాస్తీల్ కథకులకి హీరో వెళ్ళగొట్టబడటానికి ఇంకా ఘనమైన కారణం కావాలి, అందుకు తప్పు చేసిన రాజు కావాలి, ఆ రాజు వెనక ఒక ఆడది ఉంటే ఇంకా బావుంటుంది.

ఉర్రాకా పులుకడిగిన ముత్యమని కాదు, గార్సియా 1073లో తిరిగొస్తే పట్టి లూనా కోటలో పడేసినప్పుడు అల్ఫోన్సో ఆవిడ సలహా తీసుకున్నాడని ఆ లియోన్ చరిత్రే చెప్తుంది. పాపం గార్సియా 17 ఏళ్ళు లోపలే ఉండి 1090లో పోయాడు, సంకెళ్ళతోనే పూడ్చమని అడిగాడంటారు. దాని గురించి మాత్రం ఎవరూ గొడవపడరు, ఆ సీను ఏ సినిమాకీ పనికిరాలేదేమో.