కడిగించే పని లేని ఫొటో

మీట నొక్కితే ఫొటో వచ్చేస్తుంటే ఇక ఫొటోగ్రాఫరు ఎందుకన్న ప్రశ్న సెల్‌ఫోనుతో పుట్టింది కాదు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ 100 ఫొటోల రీలు నింపి మరీ కొడక్ కెమెరాను అమ్మాడు. రీలు అయిపోగానే కెమెరాను అలాగే కంపెనీకి పంపితే, ఫొటోలు కడిగి, కొత్త రీలు వేసి తిప్పి పంపేవారు. మీట నొక్కడమే మీ వంతు, మిగతాది మేం చూసుకుంటామన్నది వారి ప్రకటన.

అంతకుముందు తడి పలకల కాలంలో గాజుపలకకు కొల్లోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి ద్రావణంలో ముంచి, అది ఆరేలోపే ఫొటో తీసి కడిగెయ్యాలి. బయట పనికి వెళితే చీకటి డేరా కూడా వెంట మోసుకెళ్లాలి. ఆ విద్య పోయిందని ఇవాళ ఎవరు ఏడుస్తున్నారు?

ఫొటోను మార్చడమూ కొత్త కాదు. 1857లోనే ఆస్కార్ రెయ్‌లాండర్ అనే ఫొటోగ్రాఫరు 30కి పైగా నెగటివ్‌లు అతికి ఒకే చిత్రం చేశాడు. మన ఊళ్ల స్టూడియోల్లో నెగటివ్‌ను వెనక నుంచి వెలుతురు పడే బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీది మచ్చలు పూడ్చేవారు. ముఖాన నల్లగా ఉన్న మచ్చ నెగటివ్‌లో పలచగా, తేటగా కనిపిస్తుంది. అక్కడ పెన్సిలుతో సన్నగా దిద్దితే ప్రింటులో మాయమవుతుంది. చెయ్యి కాస్త బరువైతే పెళ్లికూతురు మైనపు బొమ్మే.

ఫోను కూడా రాత్రివేళ వరసగా అనేక ఫ్రేములు తీసి కలుపుతుంది. కాకపోతే ఏది ఉంచాలో, ఏది చెరపాలో రెయ్‌లాండర్‌కు తెలుసు. ఫోనులో మీట నొక్కినవారికి తెలియదు. నా అభ్యంతరమల్లా ఇక్కడే.

విచిత్రం ఏమిటంటే, డిజిటల్ కెమెరా పుట్టిందీ కొడక్‌లోనే. 1975లో స్టీవెన్ సాసన్ చేసిన ఆ పెట్టెకు ఒక్క నలుపు తెలుపు ఫొటోను క్యాసెట్‌లోకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. 2012లో కొడక్ దివాలా పిటిషన్ వేసింది. మరుసటి ఏడు షికాగో సన్-టైమ్స్ పత్రిక తన ఫొటోగ్రాఫర్ల విభాగాన్నే ఎత్తేసి, ఐఫోన్లతో ఫొటోలు తీయమని విలేఖరులకు పురమాయించింది. పని పోయినవారిలో పత్రికారంగంలో పెద్దదైన పులిట్జర్ బహుమతి అందుకున్న జాన్ వైట్ కూడా ఉన్నాడు.

మన పెళ్లిళ్లలో రీలు కెమెరాల రోజుల్లో రీలుకు 36 ఫొటోలు. జీలకర్ర బెల్లం దగ్గరే 20 అయిపోతే, మాంగల్యధారణకూ తలంబ్రాలకూ కలిపి మిగిలేవి 16. అందుకే పెళ్లి ఫొటోగ్రాఫరు, బంధువులు ఎంత పిలిచినా పలక్కుండా, కెమెరా మీది అంకె చూసుకుంటూ నిలబడేవాడు.