గుల్లకి తలుపు

పూసపాటిరేగ మండలం చింతపల్లి దీపస్తంభం దగ్గర, ఇసుకలో ఓసారి నాకొక తెల్లటి బిళ్ళ దొరికింది. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది. ఒకవైపు ఉబ్బెత్తుగా, నున్నగా ఉంది. రెండోవైపు చదునుగా, గోధుమరంగులో సుడి తిరిగి ఉంది. అలలకు అరిగిన రాయనుకుని విసరబోతే, పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నవ్వాడు. "రాయనుకున్నావేటి బాబూ? అది గుల్లకి తలుపు."

ఆ గుల్ల తలపాగా నత్తది. పీత వచ్చినా, నీరు తీసేసి ఒళ్ళు ఆరిపోయేలా ఉన్నా, నత్త లోపలికి ముడుచుకుంటుంది. దాని పాదానికి అంటుకుని ఉండే ఈ సున్నపు మూత గుల్ల నోటికి సరిగ్గా పట్టేస్తుంది. నత్తతో పాటు మూతా పెరగాలి కదా, ఆ పెరుగుదల గీతే వెనకవైపు సుడి. పసిఫిక్‌లో ఉండే టర్బో పెథోలాటస్ అనే తలపాగా నత్త మూత ఆకుపచ్చగా మెరుస్తుంది. దాన్ని పిల్లికన్ను అని నగల్లో పొదుగుతారు.

కళింగపట్నం, బారువ వైపు ఇసుక తీరం ఎక్కువ. ఈ నత్తకి రాళ్ళు కావాలి, రాళ్ళ మీద నాచు కావాలి. నాలుక మీది సన్నటి పళ్ళ వరసలతో ఆ నాచును గీక్కుని తింటుంది.

పేరు సంగతే తమాషా. లాటిన్‌లో టర్బో అంటే బొంగరం, ఈ నత్తకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు అదే. ఇంగ్లీషువాళ్ళు మాత్రం దీన్ని తలపాగా అన్నారు. బొంగరం పేరేమో దగ్గరి చుట్టమైన మరో నత్త ట్రోకస్‌కి పెట్టారు. ఆ ట్రోకస్ మాటకి గ్రీకులో అర్థం చక్రం!

1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ టర్బో అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపుని, పెట్టినప్పుడు నోరు గుండ్రంగా ఉన్న గుల్లలను చాలావాటిని అందులో వేసేశాడు. సూదిలా పొడవైన టరిటెల్లా, ఐరోపా రాళ్ళ మీది లిటోరినా కూడా అప్పుడు టర్బోలే. తర్వాతివాళ్ళు వాటిని బయటికి పంపారు. 1815లో రాఫినెస్క్ అనే ప్రకృతి శాస్త్రవేత్త టర్బోల కుటుంబానికి టర్బినిడే అని పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం పాటు శాస్త్రవేత్తలు కూడా మన పెద్దాయనలాగే తలుపునే నమ్ముకున్నారు. సున్నపు మూత ఉంటే టర్బినిడే, గోరులాంటి పల్చటి మూత ఉంటే ట్రోకస్‌ల కుటుంబమైన ట్రోకిడే. సముద్రం ఒడ్డున చేత్తో పట్టుకుని తేల్చుకోగల గుర్తు, నాకిప్పటికీ అదే ఇష్టం.

డీఎన్ఏ పోల్చి చూశాక ఆ తలుపు కొంచెం వదులైంది. ఫేసియానెల్లా అనే నత్తకి గట్టి సున్నపు మూతే ఉంది, కానీ గుల్ల లోపల టర్బోలకుండే ముత్యపు మెరుపు లేదు. దానికిప్పుడు వేరే కుటుంబం. ముళ్ళ గుల్ల ఏంజేరియా మూత పల్చనిది. ఏళ్ళ తరబడి టర్బినిడేలోనే ఉండి, అదీ వేరుపడింది. పల్చటి మూతగల టెగ్యులా అనే నత్త కథ ఇంకా చిత్రం. మొదట ట్రోకిడేలో ఉండేది, జన్యువులు చూసి 2008లో టర్బినిడేకి మార్చారు, ఇప్పుడు టెగ్యులిడే అని సొంత ఇల్లు కట్టిచ్చారు.

ఇవన్నీ కుటుంబాలకు పైమెట్టైన ట్రోకిడా అనే ఒకే క్రమంలోని దాయాదులే. ఇళ్ళ పంపకాలు ఇంకా నడుస్తున్నాయి. నా బిళ్ళ మటుకు మేజా సొరుగులో ఉంది. దాని గుల్ల ఎక్కడుందో ఆ కెరటాలకే తెలియాలి.