మడమ ఎందుకు ఆనట్లేదు?

సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లల్లో కొందరు మునివేళ్ళ మీద నడుస్తారు. చూడగానే లోపం చీలమండ దగ్గరే ఉందనిపిస్తుంది. పిక్క కండరం బిగుసుకుపోయింది, ఆ కండరాన్ని మడమ ఎముకకు కలిపే టెండన్‌ని ఆపరేషన్ చేసి పొడుగు చేస్తే సరి అనుకుంటాం.

కొందరి విషయంలో అది నిజమే. కానీ ఇంకొందరిలో పాదానికీ కాలికీ మధ్య కోణం మామూలుగానే, దాదాపు 90 డిగ్రీలు ఉంటుంది. మోకాలు ఎప్పుడూ వంగే ఉండటంతో దాని కింది భాగం ముందుకు వాలి, మడమ పైకి లేస్తుంది. ఇలాంటి బిడ్డకు టెండన్ పొడుగు చేస్తే పిక్క కండరం బలం తగ్గుతుంది. కాలిని నిలబెట్టే ఆ ఆసరా కాస్తా పోయి, మోకాళ్ళు ఇంకా వంగిపోతాయి. ముందు మడమ ఆనిందని సంబరపడ్డ తల్లిదండ్రులు, ఆ తర్వాత బిడ్డ కుంగి కుంగి నడవడం చూడాల్సి వస్తుంది. అందుకే కత్తి పట్టే ముందు నడకను కొలవాలి అంటాను.

1891లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో బ్రౌన్, ఫిషర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సైనికుడి ఒంటికి వెలిగే గాజు గొట్టాలు కట్టి, రాత్రిపూట నడిపించి ఫొటోలు తీశారు. కీళ్ళ కదలికను మూడు దిశల్లోనూ లెక్కగట్టారు. ఆ లెక్కలకే నెలలు పట్టింది.

ఇప్పటి గెయిట్ ల్యాబ్‌లో, అంటే నడకను కొలిచే ల్యాబ్‌లో, తుంటి, మోకాలు, చీలమండల దగ్గర మెరిసే చిన్న చిన్న బంతులు అంటిస్తారు. చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు సెకనుకు వందసార్లో, అంతకన్నా ఎక్కువో వాటి స్థానాన్ని పట్టుకుంటాయి. నేలలో అమర్చిన పలకలు పాదం ఎంత బలంగా తొక్కుతోందో చెబుతాయి. మామూలు నడకలో బరువు మోసే కాలి మోకాలు దాదాపు తిన్నగా వస్తుంది, అడుగు ముందుకు వేసేటప్పుడు సుమారు 60 డిగ్రీలు వంగుతుంది. కుంగి నడిచే బిడ్డ గ్రాఫులో మోకాలి వంపును చూపే గీత కిందికి, అంటే కాలు తిన్నగా అయ్యే చోటికి, దిగనే దిగదు.

అయితే బంతులు అంటించేది చర్మానికే గానీ ఎముకకు కాదు. చర్మం జరుగుతుంది, కోణం కొంత తప్పుతుంది. ఫిజియోథెరపిస్టులు కీళ్ళ కోణం కొలవడానికి వాడే గోనియోమీటర్‌తోనూ అంతే, ఒకే మోకాలిని ఇద్దరు కొలిస్తే అయిదు డిగ్రీల తేడా రావచ్చు. కాబట్టి మూడు డిగ్రీలు పెరిగితే గుణం కనిపించిందని అప్పుడే అనుకోకూడదు.

ల్యాబ్ దగ్గర్లో లేకపోతే ఫోన్ వీడియో కూడా డాక్టరుకు పనికొస్తుంది. ముందునుంచి ఒక్కటే కాదు, పక్కనుంచి కూడా తీయాలి. మోకాలు ఎంత వంగుతోందో పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది.