మొదటి కొలువు వెతుక్కుంటున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

డిగ్రీ పట్టా చేతికొచ్చి, బొమ్మలు వేయడమో, రాయడమో, వీడియోలు కూర్చడమో బతుకుతెరువు చేసుకోవాలనుకునే పిల్లలు ఏటా నా దగ్గరికి వస్తుంటారు. అందరిదీ ఒకటే బెంగ. ఏ ప్రకటన చూసినా రెండేళ్ల అనుభవం కావాలంటారు, ఉద్యోగమే రాకుండా అనుభవం ఎక్కడినుంచి తేవాలి అని. విడివిడిగా చెప్పేదంతా ఒకచోట పెడదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చాలా ఏళ్లు పత్రికల్లోనూ పుస్తక ప్రచురణలోనూ బొమ్మలు, పేజీలు చూసే విభాగంలో పనిచేశాను. కొత్తవారి పోర్ట్‌ఫోలియో, అంటే వారు చేసిన పనుల సంకలనం, తెరిచినప్పుడు నేను వెతికింది ప్రతిభ ఒక్కటే కాదు. ఈ పిల్ల మొదలుపెట్టిన పనిని చివరిదాకా తెచ్చిందా అని చూసేదాన్ని. నలభై అరకొర బొమ్మలకంటే పూర్తయిన ఆరేడు పనులు ఎక్కువ చెబుతాయి. కాలేజీలో ఇచ్చిన అభ్యాసాలు మీ తరగతిలో అందరి దగ్గరా ఉంటాయి. లేని కాఫీ కంపెనీకి లోగో, లేని బూట్లకు ప్రకటన చూసి చూసి మా కళ్లు అలసిపోయి ఉంటాయి. వాటి బదులు మీ వీధి చివరి టిఫిన్ సెంటర్‌కు ధరల పట్టిక వేసివ్వండి. అమ్మమ్మ చెప్పే కథను పదహారు పేజీల పుస్తకంగా కూర్చి, నాలుగు ప్రతులైనా అచ్చు వేయించండి. అచ్చులో రంగు ఎందుకు నల్లబడిందో, మడతలో అక్షరం ఎందుకు చిక్కుకుపోయిందో అప్పుడే తెలుస్తుంది. మొదటి చిత్తు గీతలు, పక్కన పెట్టేసిన రకాలు కూడా దాచి చూపండి. ఇది వద్దనుకుని అది ఎందుకు ఉంచారో చెప్పగలిగితే, పని ఇచ్చేవారికి మీ మీద నమ్మకం కుదురుతుంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట. మీకు వచ్చిన తెలుగును పోర్ట్‌ఫోలియోలో ముందు పెట్టండి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ తెలిసినవారికి కొదవ లేదు. తెలుగు అక్షరాన్ని చక్కగా కూర్చగలవారు మాత్రం కొద్దిమందే. ఏ కూడలిలోనైనా నిలబడి బ్యానర్లు చూడండి. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ఉండాల్సిన ఒత్తులు పక్కకు జారి, పొల్లు బయటపడి ఉంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా లిపుల అమరికను ఎంచుకోకపోతే జరిగేది ఇదే. మన లిపిలో గుడులు, తలకట్లు పైకి, ఒత్తులు కిందికి పోతాయి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడమే తెలుగుకూ ఉంచితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. కాస్త ఎడం పెంచగానే ఆ పేజీకి ఊపిరి ఆడుతుంది. మన అచ్చుపనిలో ఇప్పటికీ చాలాచోట్ల ‘అను’ అనే పాత ఫాంట్లు వాడతారు. అవి ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే యూనికోడ్ పద్ధతివి కావు, వాటిలో కొట్టిన పాఠాన్ని ఫోనులోకి తేవాలంటే మార్చుకోవాలి. ఈ రెండు పద్ధతులూ తెలిసినవారిని ఏ ప్రచురణకర్తా వదులుకోడు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికాన్ ఆంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే వాక్యాన్ని నాలుగింటిలో కూర్చి, ఏది పిల్లల పుస్తకానికి నప్పుతుందో, ఏది గోడపత్రికకు నప్పుతుందో మీరే తేల్చుకోండి. రాసేవారికీ ఇదే చెబుతాను. అనువాదపు వాసన లేని నాలుగు తెలుగు వాక్యాలతో ప్రకటన రాయగలవారికోసం ఏజెన్సీలు వెతుక్కుంటాయి.

పని అంటే ఫిల్మ్‌నగర్ ఒక్కటే కాదు. ఛోటా భీమ్‌ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ మన హైదరాబాద్‌దే. గ్రాఫిక్స్ స్టూడియోలు, ఆటలు తయారుచేసే సంస్థలు, పాఠ్యపుస్తకాల సంస్థలు, డబ్బింగ్, సబ్‌టైటిళ్లు, ఆస్పత్రుల ప్రచార విభాగాలు, అన్నింటికీ బొమ్మా మాటా కావాలి. చలికాలంలో పుస్తక ప్రదర్శన జరిగినప్పుడు ఊరికే తిరిగి రాకండి. నచ్చిన పుస్తకంలో ముద్రణ వివరాల పేజీ తెరిచి, ముఖచిత్రం ఎవరు వేశారో, ప్రచురణకర్త చిరునామా ఏమిటో రాసుకోండి. బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్‌లో, మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో జరిగే కార్యక్రమాలకు వెళ్లండి. పెద్దవారిని చుట్టుముట్టడంకంటే మీ ఈడు పిల్లలతో స్నేహం చేయండి. చిన్న పనులు చాలావరకు అలాంటి స్నేహితుల ద్వారానే వస్తాయి.

డబ్బు సంగతి నిక్కచ్చిగా చెబుతాను. ఉద్యోగం ఇస్తామంటూ శిక్షణ రుసుమనో, ధరావతు అనో మీనుంచి డబ్బు అడిగేవారిని నమ్మకండి. పరీక్షకోసం చిన్న పని అడగడం మామూలే. పరీక్ష పేరుతో మొత్తం ప్రచార సామగ్రి చేయించుకుని మాట దాటేసేవారూ ఉన్నారు, వారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక పూటలో అయిపోయేదైతే చేయండి, అంతకు మించితే ఎంత ఇస్తారని మర్యాదగా అడగండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనిపై, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యజమానిదే. డబ్బు తీసుకుని ఒకరికోసం వేసిన చిత్రానికీ, తీసిన ఫొటోకూ అంతే. విడిగా రాసిన కథ హక్కు మాత్రం రాసినవారిది, దాన్ని బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్లకో అందులో రాయకపోతే అయిదేళ్లకే చెల్లుతుంది. హక్కు ఎవరిదైనా, ఈ పని నాదని చెప్పుకునే అధికారం అదే చట్టం మీకు ఇచ్చింది. అందుకే చేరే రోజే, ఈ పనులను నా పోర్ట్‌ఫోలియోలో చూపుకోవచ్చా అని అడిగి, జవాబును మెయిల్‌లో తెప్పించుకోండి.

అమ్మానాన్నలు కంగారు పడతారు. వారితో పోట్లాడకండి. కొన్నాళ్లు పగలు వేరే కొలువు చేసి ఇంటికి అద్దె పంపుతూ, సాయంత్రాలు మీ పని చేసుకోవడం చిన్నతనమేమీ కాదు.

ఇక ఉత్తరం రాసే పద్ధతి. ఒకే మెయిల్‌ను వందమందికి పంపకండి. ఎవరికి రాస్తున్నారో వారి పని ఒకటి చూసి, అందులో ఏది నచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పండి. మీ పనుల లింకు అనుమతి అడగకుండా ఫోనులో తెరుచుకోవాలి, వేరేవారి ఫోనులో ఒకసారి తెరిచి చూడండి. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి, కొత్తగా పూర్తిచేసిన పని ఒకటి జోడించి మళ్లీ రాయండి. పంపే ముందు, మీ బొమ్మల్లో ఉన్న తెలుగును భాష బాగా వచ్చినవారితో ఒకసారి పైకి చదివించండి. ముఖచిత్రంపై ఒక్క ఒత్తు తప్పితే వెనక ఉన్న మంచి పనంతా ఎవరూ చూడరు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ