బిళ్ల మార్చే చెయ్యి

చిన్నూకీ, అక్కకీ, మీ ఫ్రెండ్స్ అందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు వెళ్ళాక ఇల్లంతా బోసిపోయింది. కనుమ నాడు అరుగు మీద ఫోన్‌తో చెస్ ఆడి, వరసగా మూడాటలు ఓడిపోయాక చిన్నూ ఒక మాట అడిగాడు. "తాతయ్యా, ఇది నాకంటే ఇంత తెలివైంది కదా, మరి దీనికి అష్టాచెమ్మా వచ్చా?" చుట్టాల హడావుడిలో జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న నన్ను వదల్లేదురా.

రాదు నాన్నా. ఫోన్లోని ఆ చెస్ ప్రోగ్రాంకి చెస్ ఒక్కటే వచ్చు. 1997 మే నెలలో న్యూయార్క్‌లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించింది. సెకనుకి సుమారు 20 కోట్ల చెస్ బోర్డు స్థితులు లెక్కేసేది. అంత లెక్క తెలిసిన దాని ముందు నాలుగు గవ్వలు పోస్తే, వాటితో ఏం చెయ్యాలో దానికి తెలియదు.

పండక్కి అమ్మమ్మ జంతికలు వత్తడం చూశారు కదా. గొట్టంలో పెద్ద కన్నాల బిళ్ల వేస్తే జంతికలు, సన్న కన్నాల బిళ్ల వేస్తే కారప్పూస. సన్న బిళ్ల ఎంత బాగా పనిచేసినా అందులోంచి జంతిక దిగదు. ఇలా ఒక్క పనికే పరిమితమైన యంత్రపు తెలివిని నారో ఏఐ అంటారు. ఏ పని ఎదురైనా నేర్చుకుని చేయగల యంత్రపు తెలివి కోసం శాస్త్రవేత్తలు వెతుకుతున్నారే, దాని పేరు ఏజీఐ. 2017లో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాం వచ్చింది. ఆట నియమాలు మాత్రం చెబితే, తనతో తానే ఆడుకుంటూ చెస్, గో, షోగి అనే జపాన్ ఆట మూడూ నేర్చుకుంది. అంటే గొట్టం ఒక్కటే, బిళ్లలు మూడు. కానీ ప్రతి ఆటకీ మళ్ళీ మొదటి నుంచీ విడిగా నేర్చుకోవాల్సి వచ్చింది. బిళ్ల మార్చింది కూడా మనుషులే.

మా నాయనమ్మ దగ్గర బరువైన ఇత్తడి గొట్టం ఉండేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు దాన్ని కాలవ గట్టుకి పట్టుకుపోయి బంకమట్టితో నింపి, నిక్కి నిక్కి వత్తాను. తీగలు తీగలుగా మట్టి జంతికలు దిగాయి. ఇంటికొచ్చేసరికి కన్నాల్లో మట్టి బిగుసుకుపోయింది. నాయనమ్మ వీపు విమానం మోత మోగిస్తుందనుకున్నాను. ఆవిడ ఆ మట్టి కాస్త తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "పదును బాగుందిరా, కాస్త ఊక కలిపితే పొయ్యికి పనికొస్తుంది" అంది. ఆ సాయంత్రమే బీటలిచ్చిన పొయ్యి మెత్తింది. పిండి పదును తెలిసిన వేళ్ళు మట్టి పదునూ పట్టుకున్నాయి. మనవడి అల్లరిలోంచి పొయ్యికి మందు తీశాయి. చదువురాని ఆవిడకి ఇది ఎవరూ పాఠం చెప్పలేదు. ఒకచోట నేర్చింది ఇంకోచోట అక్కరకు రావడం, అదీ ఏజీఐని వెతికేవాళ్ళకి కావలసింది.

1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త, ఇంకొందరు కలిశారు. పదిమంది రెండు నెలలు కూర్చుంటే యంత్రాలకి తెలివి నేర్పే పనిలో చెప్పుకోదగ్గ ముందడుగు పడుతుందని వాళ్ళ ఆశ. డెబ్బై ఏళ్ళయినా పని సాగుతూనే ఉంది. తొందరపడితే పదును రాదు.

అలాగని ఒక్క పనే చేసే బిళ్లల్ని చిన్నచూపు చూడకండి. మన శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు ఆ మెకార్తీ దగ్గరే చదువుకుని, మాట విని గుర్తుపట్టే యంత్రాల మీద పనిచేశారు. 1970ల్లో ఆయన బృందం తయారుచేసిన హియర్సే అనే ప్రోగ్రాం, నోటితో చెప్పిన చెస్ ఎత్తుల్ని గుర్తుపట్టేది. చెవి ఒక్కటే చాల్లేదు దానికి. బోర్డు మీద అప్పుడు ఏ ఎత్తులు వీలవుతాయో చూసుకుని, విన్న మాటని సరిచూసుకునేది. చిన్న పనే, కానీ బాగా చేయబోతే పక్క తెలివిని పిలవక తప్పలేదు. ఆయనకి 1994లో కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. నాకైతే, చిన్న పనికీ పెద్ద తెలివికీ ఉన్న చుట్టరికం అక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు ఫోన్లో మాట్లాడే ఏఐలు కథ చెప్పమంటే చెబుతున్నాయి, లెక్క చెయ్యమంటే చేస్తున్నాయి. బిళ్ల మార్చక్కర్లేదు, అడిగితే చాలు. ఈ దారే ఏజీఐకి వెళ్తుందని కొందరు, ఇది కూడా పెద్ద గొట్టమేనని కొందరు గట్టిగా వాదించుకుంటున్నారు. ఆ వాదన మీరు పెద్దయ్యాక తేలుతుందేమో.

ఈలోగా ఒక పని చెయ్యండి. ఆదివారం పిన్ని వాళ్ళింటికి వెళ్ళి, బుజ్జిదాని ముందు ఒక స్టీలు గిన్నె, ఒక గరిటె పెట్టండి. ఏమీ చెప్పొద్దు, నేర్పొద్దు. అరగంట పక్కన కూర్చుని చూడండి. గిన్నెని నెత్తిన పెట్టుకుంటుందో, గరిటెతో మంచం కింద బంతిని లాగుతుందో, ఏవేం చేసిందో వరసగా కాగితం మీద రాసి నాకు పంపండి. పోస్టులోనే పంపండి, దాచుకుంటాను.

మీ తాతయ్య